అత్తమ్మను కదిలిస్తే ఏడుస్తుంది, కదిలించకపోతే చర్మం కములుతుంది

ప్రశ్న: అక్కా, మాది పరకాల దగ్గర పల్లె. పోయిన డిసెంబరులో మా అత్తమ్మకు పక్షవాతం వచ్చింది. 67 ఏళ్ళు. వరంగల్‌లో 12 రోజులు దవాఖానలో ఉండి ఇంటికి తెచ్చుకున్నాం. కుడి చేయి, కుడి కాలు లేవవు. మనం అన్నది అర్థమవుతుంది గానీ మాట రాదు. అప్పటి నుంచి నులక మంచం మీదే ఉంది. కదిలిస్తే ఏడుస్తుంది. మా ఆయన "ముసలిదాన్ని ఎందుకు సతాయిస్తవు, పండుకోనియ్" అంటాడు. మూత్రం ఎక్కువైతే డైపర్లు సరిపోవని నీళ్ళు తగ్గించి ఇస్తున్నాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. పది రోజుల నుంచి నడుము కింద రూపాయి బిళ్ళంత నల్లగా కమిలింది. తినేటప్పుడు, నీళ్ళు తాగేటప్పుడు దగ్గుతుంది. ఊళ్ళో డాక్టరు స్పిరిట్ రాసి పౌడరు వేయమన్నాడు, నడుము కింద సైకిల్ ట్యూబు పెట్టమన్నాడు. ఆడబిడ్డలిద్దరు నెలకోసారి వచ్చి "మా అమ్మను మంచిగ చూస్తలేవు" అని పోతారు. నేను మిరపకాయ ఏరడానికి పోవాలి, పిల్లలు బడికి పోతారు. ఏం చేయాలి?
(పేరు వద్దు, పరకాల మండలం)

జవాబు: చెల్లీ, అక్కా అని రాశావు కాబట్టి నువ్వు అనే అంటాను. ముప్పై ఏళ్ళు వార్డుల్లో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైనదాన్ని. ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో నీదే ముందు తీశాను. కారణం, నీళ్ళు తగ్గించానని నువ్వు రాసిన ఆ ఒక్క మాట. చాలా ఇళ్ళల్లో జరిగేదే అది, ఎవరూ బయటికి చెప్పరు. చెప్పావు కాబట్టి దిద్దుకోవచ్చు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు మీ ఆయనకు ఒక మాట. తల్లి మీద ప్రేమతోనే పండుకోనియ్ అంటున్నాడు, అందులో అనుమానం లేదు. కానీ పడుకుంటే విశ్రాంతి అనేది తిరగగలిగిన మనిషికి. రాత్రి నిద్రలో మనం ఎన్నిసార్లు పక్కకు ఒత్తిగిలుతామో మనకే తెలియదు. ఒక చోట ఒత్తిడి పెరగగానే ఒళ్ళే తిప్పేస్తుంది. మీ అత్తమ్మకు ఆ తిరుగుడు లేదు. నడుము ఎముకకూ మంచానికీ మధ్య కండ నలిగి, అక్కడికి నెత్తురు పోవడం ఆగుతుంది. నెత్తురు అందని కండ గంటల్లోనే చావడం మొదలుపెడుతుంది. డిసెంబరులో ఆమెను పడగొట్టింది పక్షవాతం. ఇప్పుడు ఏప్రిల్‌లో ఆమె నడుమును కమిలిస్తున్నదీ, కీళ్ళను బిగిస్తున్నదీ మంచం. ఈ రెండూ వేర్వేరు జబ్బులు. మొదటిదాని మీద మన చేతిలో ఉన్నది కొంతే. రెండోది చాలావరకు మన చేతిలోనే ఉంది.

ఇక నువ్వు చివర్లో రాసిన దగ్గు. నీకు నడుము కింద మచ్చ పెద్దగా కనిపిస్తుంది గానీ నాకు ముందు భయం వేసింది దగ్గుకే. పక్షవాతం గొంతును కూడా పట్టుకుంటుంది. మింగేటప్పుడు శ్వాసగొట్టం మూసుకోవాలి. అది సరిగ్గా మూసుకోకపోతే అన్నం, నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి జారుతాయి. అక్కడ చీము పట్టి న్యుమోనియా అవుతుంది. మంచాన పడ్డవాళ్ళను తీసుకుపోయేది ఎక్కువగా ఇదే. ఇంకో సంగతి, కొందరికి లోపలికి జారినా దగ్గు రాదు. కాబట్టి రేపు దగ్గు తగ్గినా నయమైందని అనుకోకు. తిన్నాక గొంతు గరగరమనడం, తడిగా వినిపించడం, ఊరికే జ్వరం రావడం, ఊపిరి వేగంగా తీయడం, ఇవీ గుర్తులే. ఆమె ఎలా మింగుతున్నదో ఒకసారి దవాఖానలో పరీక్ష చేయించు. వరంగల్‌లోని పెద్ద సర్కారు దవాఖాన ఎంజీఎంకు పోతే "మింగుడు ఎట్లుందో చూడాలె సార్" అని నోరు తెరిచి అడుగు. అడగకపోతే బీపీ చూసి పంపిస్తారు.

ఆ పరీక్ష అయ్యేదాకా ఇంట్లో చేయాల్సింది చెప్తాను. పడుకోబెట్టి ఒక్క చెంచా కూడా పెట్టకు. వీపు వెనక రెండు మెత్తలు పెట్టి నిటారుగా కూర్చోబెట్టు. మెడ వెనక్కి వాలకుండా గడ్డం కొంచెం కిందికి వంగి ఉండాలి. చిన్న చెంచాతో, బలమున్న ఎడమ బుగ్గ వైపు పెట్టు. మింగిందని చూశాకే రెండోది. మధ్య మధ్యలో కుడి బుగ్గలోకి వేలుతో చూడు. పడిపోయిన వైపు అన్నం దాగి ఉంటుంది, ఆమెకే తెలియదు. అయిపోయాక అరగంట, వీలైతే ముప్పావు గంట అట్లాగే కూర్చోనివ్వు. తినేటప్పుడు టీవీ బంద్ పెట్టు, ఆమెను నవ్వించకు, మాట్లాడించకు. నిద్రమత్తులో ఉంటే అసలే పెట్టకు.

మన ఇళ్ళల్లో మంచాన పడ్డ మనిషికి పలుచని జావ, మంచినీళ్ళు, పాలు అయితే తేలిక అనుకుంటాం. గొంతు బలహీనమైనవాళ్ళకు పలుచనివే కష్టం. నీళ్ళు గొంతులో ఆగవు, సర్రున జారిపోతాయి. కొంచెం చిక్కగా ఉన్నది నెమ్మదిగా దిగుతుంది. మెత్తటి జొన్న గటక, చిక్కటి రాగి జావ, పెసరపప్పుతో నలిపిన అన్నం, గడ్డ పెరుగు, ఇవి నయం. మెతుకులు విడివిడిగా తేలే పలుచని చారన్నం వద్దు. అటుకులు, బిస్కెట్టు పొడి, సర్వపిండి ముక్కలు కూడా వద్దు. చెంచా వంచితే ధారగా కారకుండా, ముద్దగా మెల్లగా జారేలా ఉంటే సరిపోతుంది. చిక్కటివి పెట్టినా దగ్గుతున్నా, జ్వరం వచ్చినా ఆగకు, దవాఖానకు తీసుకుపో. కొన్నాళ్ళు ముక్కు పైపు పెట్టాల్సి రావచ్చు. అదేమీ ఆఖరి గడియ కాదు, మింగుడు మెరుగైతే తీసేస్తారు.

పళ్ళు తోముతున్నావా? ఉత్తరంలో రాయలేదు. ఉన్న పళ్ళు నాలుగే అయినా పొద్దున, రాత్రి మెత్తటి బ్రష్షుతోనో తడి గుడ్డతోనో నోరు శుభ్రం చేయి. నోట్లో పెరిగిన క్రిములే ఉమ్మితో పాటు ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి.

ఇప్పుడు ఆ మచ్చ. ఎరుపు అని రాయలేదు నువ్వు, నలుపు అన్నావు. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు తొందరగా కనపడదు కాబట్టి వేలితో కొన్ని క్షణాలు ఒత్తి వదులు. రంగు పోయి మళ్ళీ వస్తే అక్కడ ఇంకా నెత్తురు ఆడుతున్నట్టు. ఎంత ఒత్తినా రంగు మారకపోతే లోపల దెబ్బ మొదలైనట్టు. చుట్టూ చర్మంతో పోల్చి చూడు: వేడిగా ఉందా, గట్టిగా ఉందా, ముద్దగా మెత్తబడిందా. ఈ పుండ్లు తరచుగా ఎముక దగ్గర లోపల పుట్టి పైకి వస్తాయి. పైన బిళ్ళంత ఉన్నది లోపల అరచేయంత ఉండొచ్చు. పది రోజులైనా పోని నల్ల మచ్చను నేను ఉత్తరంలో తేల్చలేను, మనిషి కళ్ళతో చూడాలి. ఈ వారం దాటనివ్వకు. పొక్కు లేచినా, చర్మం ఊడినా, వాసన వచ్చినా, చీము, జ్వరం కనపడినా వారం కూడా ఆగొద్దు. షుగరు ఉందేమో పరీక్ష చేయించు. షుగరు ఉంటే పుండు తొందరగా మానదు.

స్పిరిట్, పౌడరు, సైకిల్ ట్యూబు గురించి కొంచెం సిగ్గుతోనే రాస్తున్నాను. మేము నర్సింగ్ చదువుకునే రోజుల్లో మాకూ అదే నేర్పారు: స్పిరిట్ రాయి, పౌడరు వేయి, వీపు బాగా రుద్దు. కాబట్టి మీ ఊరి డాక్టరును తిట్టలేను. కానీ ఆ పద్ధతి ఎప్పుడో పోయింది. స్పిరిట్ చర్మాన్ని ఎండగొట్టి పగిలేలా చేస్తుంది. పౌడరు చెమటతో ఉండలు కట్టి ఇసుకలా గీరుతుంది. కమిలిన చోట రుద్దితే లోపల అప్పటికే నలిగిన కండ ఇంకా చిరుగుతుంది. ఇక ట్యూబు సంగతి. మా బాపు తుంటి విరిగి మంచాన పడ్డప్పుడు నేనే, అప్పటికి పదేళ్ళ సర్వీసున్న నర్సును, ట్యూబులో గాలి కొట్టి ఆయన నడుము కింద పెట్టాను. ఎముకకు మంచం తగలట్లేదు కదా అని మురిసిపోయాను. వారం తర్వాత చూస్తే ట్యూబు అంచు ఒరుసుకున్నంత మేర గుండ్రంగా కమిలింది, మధ్యలో మచ్చ ఇంకా పెద్దదైంది. ఆ రింగు చుట్టూరా నొక్కి, మధ్యలోకి వచ్చే నెత్తురును కూడా ఆపేసింది. ఆ పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. ట్యూబును పిల్లల సైకిలుకే ఉంచు.

పసుపు, బూడిద, టూత్‌పేస్టు, ఎవరో చెప్పిన ఆకు పసరు, ఏదీ ఆ మచ్చ మీద వేయకు. చర్మం చిట్లితే మెడికల్ షాపులో దొరికే సెలైన్ నీళ్ళతో కడిగి, కట్టు కట్టడానికి వాడే శుభ్రమైన గాజు గుడ్డ కప్పి దవాఖానలో చూపించు. మచ్చకు అసలైన మందు ఒకటే, దాని మీద బరువు పడకుండా చూడడం.

అంటే తిప్పాలి. రెండు గంటలకోసారి. ఎడమ పక్కకు, వెల్లకిలా, కుడి పక్కకు, ఇట్లా మార్చి మార్చి. ఆ మచ్చ తగ్గేదాకా వెల్లకిలా వంతు తీసేయి, రెండు పక్కలే. పక్కకు అంటే పూర్తిగా తుంటి ఎముక మీద నిలబెట్టడం కాదు. వీపు వెనక ఒక మెత్త దోపి సగం ఒరిగి ఉండేలా చూడు. మోకాళ్ళ మధ్య మడిచిన చెద్దరు. వెల్లకిలా ఉన్నప్పుడు పిక్కల కింద మెత్త పెట్టి మడమలు గాలిలో తేలేలా ఉంచాలి. మడమకూ మంచానికీ మధ్య నీ అరచేయి దూరాలి. నడుము తర్వాత పుండు పడేది అక్కడే. తల వెనక, చెవులు, భుజాల ఎముకలు, మోచేతులు కూడా రోజుకోసారి చూడు. స్నానం చేయించేటప్పుడు చూస్తే వేరే పని అనిపించదు.

తిప్పే పద్ధతి ఒంటరిగా ఉన్నప్పుడు ఇట్లా. ఎడమ పక్కకు తిప్పాలంటే నువ్వు ఆమె ఎడమ వైపు నిలబడు. ఆమె కుడి చేతిని ఛాతీ మీదికి తెచ్చి పెట్టు. కుడి మోకాలు మడువు. కుడి భుజం వెనక ఒక చేయి, కుడి తుంటి వెనక ఒక చేయి వేసి నీ వైపుకు దొర్లించు. నీ వైపుకు తిప్పితే కింద పడదు. కుడి పక్కకు తిప్పేటప్పుడు ఆమె ఎడమ చేతిని, ఎడమ కాలిని వాడుకోమను, సగం పని ఆమే చేస్తుంది. చేయనివ్వు. అయితే పడిపోయిన కుడి భుజం ఒంటి కింద నలగకుండా కొంచెం ముందుకు లాగి పెట్టు. పైకి జరపాల్సి వస్తే ఈడ్చకు. ఈడిస్తే పై చర్మం పరుపుకు అంటుకుని ఉంటుంది, లోపలి కండ జరుగుతుంది, మధ్యలో సన్నటి రక్తనాళాలు తెగుతాయి. నడుము కింద మందపాటి చెద్దరు అడ్డంగా పరిచి ఉంచు. మీ ఆయన ఒక అంచు, నువ్వు ఒక అంచు పట్టుకొని ఎత్తి జరపండి. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి ఆయన చేయి పడితే చాలు, నీ నడుము దక్కుతుంది.

మంచం కూడా మార్చాలి. నులక మంచంలో నడుము కిందికి గుంజుకుపోతుంది, నులక అచ్చులు ఒంటి మీద పడతాయి. మనిషి ఉయ్యాలలో వంగినట్టు ఉంటే ఊపిరి కూడా పూర్తిగా నిండదు. చెక్క మంచం మీద మందపాటి ఫోమ్ పరుపు వేయి. నాలుగు కోళ్ళ కింద ఇటుకలు పెట్టి నీ నడుము ఎత్తుకు లేపు, వంగి వంగి నీకు నొప్పి రాకుండా ఉంటుంది. ఎత్తు పెరిగింది కాబట్టి గోడకు ఆనించి, రెండో వైపు బరువైన కుర్చీలు అడ్డం పెట్టడం మరచిపోవద్దు. డబ్బులుంటే మోటారుతో గాలి నింపే ఎయిర్ బెడ్ మంచిది. హనుమకొండ సర్జికల్ షాపుల్లో అడుగు, అద్దెకు కూడా దొరుకుతుందేమో చూడు. కానీ దాని మీద బొంత, దాని మీద చెద్దరు, దాని మీద రబ్బరు షీటు వేస్తే మామూలు పరుపు అయిపోతుంది. ఒక్క పలుచని నూలు దుప్పటి చాలు. కరెంటు పోయినప్పుడు గాలి దిగిందేమో, నడుము అడుగున చేయి దోపి చూడు. ఎయిర్ బెడ్ కొన్నాక తిప్పడం మానేసిన ఇళ్ళు ఎన్నో చూశాను. రాత్రి రెండు తిప్పుల మధ్య కాస్త ఎడం పెంచుకోవచ్చు, పొద్దున చర్మం బాగుంటేనే. తిప్పడం మాత్రం తప్పదు.

కదిలిస్తే ఎందుకు ఏడుస్తుంది? మొండితనం కాదు. నా అనుమానం కుడి భుజం మీద. మీరు లేపేటప్పుడు చంకలో చేయి వేసిగానీ కుడి చేయి పట్టుకొనిగానీ లాగుతున్నారా? భుజం కీలును పట్టి ఉంచేవి కండలే. అవి పడిపోయాక ఆ చేతిని లాగితే కీలు జారుతుంది, ఆ నొప్పి మామూలుది కాదు. మాట రాని మనిషి దాన్ని ఏడుపుతోనే చెప్పగలదు. ఇక నుంచి ఆ చేతిని ఎవరూ లాగొద్దని ఇంట్లో అందరికీ చెప్పు. కూర్చున్నా పడుకున్నా దాని కింద మెత్త ఉండాలి. నొప్పి మాత్ర ఇచ్చి అరగంట తర్వాత కదిలించే పద్ధతి ఉంది, ఆమెకు ఏది ఇవ్వొచ్చో డాక్టరును అడుగు. పక్షవాతం తర్వాత కొందరికి కారణం లేకుండా ఏడుపో నవ్వో ఆగకుండా వస్తుంది, అదీ జబ్బులో భాగమే. దిగులు వేరే. రెండింటికీ మందులున్నాయి. తిప్పే ముందు "అత్తమ్మా, ఎడమకు తిప్పుతున్నా" అని చెప్పు. అర్థమవుతుందని నువ్వే రాశావు కదా. ఆమె తల దగ్గరే నిలబడి "ఇంకెన్నాళ్ళో" అని మాట్లాడే చుట్టాలను మాత్రం బయట గద్దెల మీదే కూర్చోబెట్టు. అవును అంటే కళ్ళు ఒకసారి మూయి, కాదు అంటే రెండుసార్లు అని ఒక ఒప్పందం పెట్టుకో. నెలలో సగం గొడవలు తగ్గుతాయి.

నీళ్ళ సంగతికి వచ్చాను. ఈ ఎండల్లో నీళ్ళు తగ్గిస్తే మూత్రం చిక్కబడి మంట, ఇన్‌ఫెక్షన్ మొదలవుతాయి. ముసలివాళ్ళకు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తే జ్వరం కంటే ముందు మతి తప్పినట్టు అవుతుంది. మలం గట్టిపడుతుంది. నెత్తురు చిక్కబడి కాళ్ళల్లో గడ్డలు కడతాయి. డైపరు ఖర్చు మిగిలింది అనుకుంటే మందుల ఖర్చు మీద పడుతుంది. గుండె, కిడ్నీ జబ్బు లేకపోతే రోజుకు లీటరున్నర దాకా ద్రవాలు పోవాలి. నీళ్ళకు దగ్గుతున్నది కాబట్టి ఒకేసారి గ్లాసు ఎత్తకు. చిక్కటి మజ్జిగ, జావ, గుజ్జు చేసిన పండు రూపంలో గంట గంటకు చెంచాలతో ఇవ్వు. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే సరిపోతున్నట్టు. చాయ్ రంగుకు తిరిగితే తక్కువైనట్టు.

డైపరు భారం తగ్గించే దారి వేరే ఉంది. పొద్దున లేవగానే, తిన్నాక, ఆ తర్వాత రెండు మూడు గంటలకోసారి బెడ్‌పాన్ పెట్టి చూడు. వచ్చినా రాకపోయినా పెట్టు. పక్షవాతం వచ్చిన చాలామందికి నెలలు గడిచే కొద్దీ మూత్రం మీద పట్టు తిరిగి వస్తుంది. మనమే డైపరు కట్టి మరచిపోవడం వల్ల పోగొడతాం. పగలు పాత నూలు చీరల గుడ్డలు, రాత్రి డైపరు, అట్లా చేసుకున్నవాళ్ళున్నారు. గుడ్డ అయినా డైపరు అయినా తడిస్తే వెంటనే మార్చు. గోరువెచ్చని నీళ్ళతో కడిగి, రుద్దకుండా అద్ది ఆరబెట్టి, పలుచగా వాజిలిన్ గానీ కొబ్బరినూనె గానీ రాయి. మూత్రంలో నానిన చర్మం ఊరికే చిట్లుతుంది. నాలుగైదు రోజులు మలం రాక, తర్వాత కొంచెం కొంచెం నీళ్ళలా కారుతుంటే విరేచనాలు అనుకొని ఆపే మాత్ర వేయకు. లోపల గట్టిగా గడ్డకట్టిన మలం పక్క నుంచి కారేదే అది. డాక్టరుకు చెప్పు.

తిండిలో పప్పు, గుడ్డు, పెరుగు పెంచు. బలమైన తిండి లేకుండా పుండు మానదు. రోజుకు రెండు గుడ్లు మెత్తగా నలిపి పెట్టగలిగితే 12 గ్రాముల దాకా ప్రొటీన్ అందుతుంది. మిగతాది పప్పు, పెరుగు చూసుకుంటాయి. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం అడిగి పెట్టాలి. బీపీ మాత్ర, నెత్తురు పలుచబడే మాత్ర రాసి ఇచ్చి ఉంటారు. "మంచాన పడ్డంక ఇంకా మాత్రలెందుకు" అని మానేసే ఇళ్ళు తక్కువేం కాదు. మానేస్తే రెండోసారి పక్షవాతం వచ్చే ప్రమాదం పెరుగుతుంది.

పొద్దున, సాయంత్రం పది నిమిషాలు ఆమె కుడి చేతిని, కాలిని నువ్వే మెల్లగా ఆడించు. వేళ్ళు, మణికట్టు, మోచేయి, మోకాలు, చీలమండ. ఒక్కో కీలు పది సార్లు, నొప్పి దాకా కాదు. పాదం కిందికి వాలి బిగిస్తే రేపు నిలబెట్టినా మడమ నేలకు ఆనదు, అందుకే పాదాన్ని పైకి వంచి కాసేపు పట్టుకో. పక్షవాతంలో కోలుకోవడం ఎక్కువగా మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో జరుగుతుంది. మీకు నాలుగు అయిపోయాయి. కాబట్టి ఫిజియోథెరపీ వాళ్ళను ఇప్పుడే పట్టుకోండి, దసరా తర్వాత కాదు. మంచం అంచున కాళ్ళు కిందికి వేసి కూర్చోబెట్టడం ఈ వారమే మొదలుపెట్టు. మొదట ఐదు నిమిషాలు. నాలుగు నెలలు పడుకున్న మనిషికి కూర్చోగానే బీపీ దిగి కళ్ళు తిరుగుతాయి, పక్కనే ఉండాలి. నిలకడ వచ్చాక కుర్చీలోకి. మా బాపు కుర్చీలో కూర్చుని వాకిట్లో కోళ్ళను అదిలించిన రోజు నుంచే మనిషిలా అయ్యాడు.

ఒక కాలు, ముఖ్యంగా ఆ కుడి కాలు, రెండోదాని కంటే ఉబ్బి, వేడిగా, నొప్పిగా ఉంటే నూనె పెట్టి పిసకకు. లోపల నెత్తురు గడ్డ ఉండొచ్చు, పిసికితే కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అదే రోజు దవాఖానకు పోవాలి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే 108.

ఇవన్నీ చదివి నవ్వుకుంటున్నావేమో, మిరపతోటకు పోయేదాన్ని రెండు గంటలకోసారి ఎట్లా తిప్పను అని. నిజమే. పొద్దున ఆరింటికి పోయి మధ్యాహ్నం వచ్చేదాకా ఇంట్లో ఎవరూ లేకపోతే నా దగ్గర ఏ మంత్రమూ లేదు. ఆ ఆరు గంటలకు ఒక మనిషి కావాలి, ఆ మనిషి నువ్వే కానక్కర్లేదు. ఆడబిడ్డలు ఈసారి వచ్చినప్పుడు నీళ్ళు ఇచ్చినాక ఒక కాగితం చేతికివ్వు. అందులో గంటల లెక్క, తిప్పే లెక్క, డైపర్ల ఖర్చు, నీకు పోయే కూలి రాసి ఉండాలి. గోడ మీద అంటించినా సరే. అన్నీ అర్థమయ్యేలా చూపించి, నెలలో పది రోజులు ఎవరు ఉంటారు, లేదా పొద్దటి పూట మనిషిని పెట్టడానికి ఎవరెంత ఇస్తారు, అని అడుగు. గొంతు పెంచకు. తల్లిదండ్రుల పోషణ మీద 2007 లో వచ్చిన చట్టంలో పిల్లలు అంటే కొడుకుతో పాటు బిడ్డ కూడా. కోడలి పేరు అందులో లేదు. చేసేదంతా కోడలు, చట్టంలో బాధ్యత కొడుకుది, బిడ్డలది. చట్టందాకా పొమ్మని చెప్పట్లేదు, ఈ సంగతి నీకు తెలిసి ఉంటే మాట నిలబడుతుంది.

బయటి సాయం కూడా అడగాలి. మీ ఊరి ఆశ వర్కరుకు, ఏఎన్ఎంకు అత్తమ్మ సంగతి ఇప్పటిదాకా చెప్పకపోతే రేపే చెప్పు. తెలంగాణలో జిల్లాల్లో సర్కారు పాలియేటివ్ కేర్ కేంద్రాలున్నాయి, అంటే తీరని జబ్బుల్లో బాధ తగ్గించి చూసుకునేవి. మంచాన పడ్డవాళ్ళను ఇంటికి వచ్చి చూసే ‘ఆలన’ బండ్లు వాళ్ళవే. పుండుకు కట్టు కట్టడం, పైపులు చూడడం, ఇంట్లోవాళ్ళకు నేర్పడం వాళ్ళ పని. క్యాన్సర్‌కే అనుకోవద్దు, మీ దాకా ఎట్లా పిలిపించుకోవాలో పరకాల సర్కారు దవాఖానలో అడుగు. దివ్యాంగుల సర్టిఫికెట్ తీసుకుంటే పింఛను సంగతి ఎంపీడీఓ ఆఫీసులో మాట్లాడొచ్చు. వృద్ధాప్య పింఛను 2016 రూపాయలు, దివ్యాంగులది 4016. పెద్దవాళ్ళ విషయంలో ఏ దారీ తోచకపోతే ఎల్డర్ లైన్ 14567. నీకే నిద్ర పట్టక, ఊరికే కోపం, ఏడుపు వస్తుంటే టెలి మానస్ 14416, పైసలు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. ఈ రెండో నంబరు ఎందుకు రాశానంటే, నీ ఉత్తరంలో నీ గురించి ఉన్నది ఒక్కటే వాక్యం, అదీ మిరపకాయల గురించి.

ఈ రాత్రి పడుకోబెట్టే ముందు ఒక పని చేయి. ఆ నల్ల మచ్చ అంచు వెంబడి బాల్ పెన్నుతో, ఒత్తకుండా, సన్నగా గీత గియ్యి, కాగితం మీద తేదీ రాసుకో. దవాఖానకు పోయినప్పుడు డాక్టరుకు ఆ గీత చూపించు. గీత దాటి నలుపు పాకితే ఉత్తరం రాస్తూ కూర్చోకు, ఆ పూటే బయలుదేరు.